అమ్మవారి కుడి చెయ్యి

విజయవాడ,
ఆదివారం.

అమ్మకు మణికుమార్ దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, దుర్గ, పాప కులాసాగా ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, ప్రాణం కుదుటపడింది.

నువ్వడిగింది ముందు చెబుతాను. అవును, మన రేవు అమ్మవారిని మా ఆసుపత్రిలో రోగులు పడుకునే స్కాన్ మిషన్ మీదే పడుకోబెట్టాం. తిట్టకు. కొత్త దుప్పటి పరిచాం, నేను తలస్నానం చేసే వచ్చాను. వెంట వచ్చిన ఊరి పెద్దలు చెప్పులు విప్పి నిలబడితే, వరుసలో ఉన్న రోగులు కూడా లేచి దండం పెట్టారు.

కొయ్యంతా పురుగు తొలిచింది కాబట్టి తల్లిని సముద్రంలో కలిపేసి కొత్త విగ్రహం చేయిస్తారేమోనని బెంగపడ్డావు కదా. ఇక ఆ బెంగ వద్దు. లోపల ఏముందో నేను స్కాన్ తీసి చూపించాను. అది ఏ చెట్టు కొయ్యో, తొలిచింది ఏ పురుగో పాత కొయ్య విగ్రహాలు బాగుచేసే సుస్మిత గారు చెప్పారు. మందేమిటో రసాయనాల మాస్టారు డేనియల్ గారు తేల్చారు. తల్లి మళ్లీ పల్లకి ఎక్కుతుంది. ఇన్నాళ్లూ నేను బటన్ నొక్కే మనిషిననే అనుకున్నానమ్మా!

అసలు సంగతి వేరే ఉంది. ఒళ్లంతా తొలిచిన పురుగు కుడి మణికట్టు దగ్గర ఆగిపోయింది. అక్కడ పైకి కనపడని అతుకుంది. లోపల ఇనుప మేకు లేదు, కొయ్య చీల ఉంది. చుట్టూ గుగ్గిలం, చేపనూనె.

"ఇది బొమ్మలు చేసేవాళ్ల పని కాదండీ. ఎవరో పడవలు కట్టే మనిషి. మేం వేసినా ఇంత గట్టిగా రాదు. ఎవరండీ ఆయన?" అన్నారు సుస్మిత గారు.

నాకు తెలుసు. అయినా తర్వాతి రోగిని పిలిచాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

ఫోనులో చెప్పబోయి పెట్టేశాను, అందుకే రాస్తున్నాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు, జాతర ముందు నాన్న అమ్మవారికి రంగులు వేస్తుంటే వెంట వెళ్లాను. ఆయన టీకి వెళ్లినప్పుడు తల్లికి గాజులు తొడగబోయి చెయ్యి విరగ్గొట్టాను. నాన్న కొట్టలేదు. "ఎవరికీ చెప్పమాకురా. తల్లి చెయ్యి నేను చూసుకుంటా" అన్నాడు. అతుకు ఆరేదాకా రంగు వేయలేక జాతరకు ఆలస్యం చేశాడు. పెద్దలు సోమరివని తిట్టి, మళ్లీ ఆయనకు కుంచె ఇవ్వలేదు. నువ్వూ ఆ మాటే దెప్పేదానివి. అయినా నాన్న పోయేదాకా నా పేరు బయటపెట్టలేదు.

నిన్న అందరి ముందూ చెప్పేశాను. ఊరి పెద్దాయన కళ్లజోడు తీసి, "కాశీగాడు మాతో ఒక్క ముక్కన్నా అన్లేదేంట్రా" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఒళ్లంతా మందు పడుతుంది. ఆ మణికట్టు మాత్రం ఎవరూ ముట్టరు. రిపోర్టులో ఆ అతుకు దగ్గర నాన్న పేరు రాశారు, 'పడవల వడ్రంగి' అని కూడా. ఇకనుంచి ఆయన్ని సోమరి అనకమ్మా.

ఇట్లు,
కాశీరావు గారి కొడుకు,
మణికుమార్.