బ్యాండు పాటల ఎన్క కథ

12 ఫిబ్రవరి, సోమారం, పొద్దుగాల 7
మా కట్టంగూర్ బ్యాండు మాస్టర్ బాబా మియా పట్నంల పెద్ద కచేరి చూసొచ్చిండు. ఆడ ఒక్కో పాట ఎన్కాల కథ కాయితం మీద అచ్చేసి పంచిండ్రట. ఆయితారం మనోళ్లు గూడ ఫంక్షన్ హాల్ల కుర్సీలేసి గట్లనే వినిపిస్తరట. గుర్రం లేదు, పెండ్లికొడుకు లేడు.
కాయితం నన్ను రాయమన్నడు. నేను అయిదు సదివిన. అయితేంది, నా కొడుకు నర్సింహ క్లారినెట్ ఊది ఊది నేర్సింది నా ఇంట్లనే. వాడు పోయి ఏడాదైతాంది.
ఏడుపు మాత్రం రాయకక్కా అన్నడు మియా.
ఒట్టు. కొడుకు పేరు ఎత్తను. మూడు పాటలు, మూడు దినాలు.

మంగళారం, 10
మొదటిది, ఎదుర్కోళ్ల పాట. రాసిన: "కేతేపల్లిల పిల్ల మేనమామ తాగొచ్చి పెద్ద డ్రమ్ము మీద పండుకున్నడు. ఆయనను లేపకుండనే డ్రమ్ము కొట్టిండ్రు."
శాన బాగొచ్చింది. పేరు లేదు. ఏడ్వలేదు.

బుధారం, 4
రెండోది, బారాత్ పాట. "దీన్ని క్లారినెట్ మీదికి మలిపింది ఒక పిలగాడు." పిలగాడంటె పేరు గాదు గద. "ఆ పిలగాడు పప్పు తినడు." గిది గూడ పేరు గాదు. "జ్వరం తోటే బారాత్‌కు పోతనంటె నేనే కోటు ఇస్త్రీ చేసిచ్చిన."
కాయితం తడిసింది. పొయ్యి పొగ. మాది గ్యాసు పొయ్యి, అయినా పొగనే.

బేస్తారం
రాయలేదు. మోకాలు నొచ్చింది. రాసేది చేతి తోటే, ఎర్కే.
రిటైరైన ఎల్లయ్య సారు తను గూడ రాసుకొచ్చి వినిపించిండు. సంగీతం ఒక సాగరం అని మొదలు వెట్టి, తన సన్మానాల కాడ ఒడ్డెక్కిండు. పాటలు మర్శిండు. రేపటికి నాది కాకుంటె గదే అచ్చయితదట. గందుల నా కొడుకు పుట్టనే పుట్టలేదు.

శుక్కురారం, 11
మూడోది, అప్పగింతల పాట. రెండు పేజీలు. పేరు పందొమ్మిది సార్లు. మియా చేతిల వెట్టి, సారుదే అచ్చెయ్యి తమ్మీ అన్న.
నిలవడే మొత్తం సదివిండు.
"అక్కా, గా పాట నడుమ వాడు ఒక్కడే ఊదే జాగుంది. ఏడాది సంది ఎవ్వలం ఊదుతలేం. ఊకె నిలవడ్తం. ఎందుకు ఆగినమో కుర్సీలల్ల కూసున్నోళ్లకు ఎవలు జెప్పాలె?"

శుక్కురారం, 2
మళ్లా మొదటి కెళ్లి. కొత్త ఒట్టు: ఏడుపు లేదు. పేరు ఒక్కసారే.
"మూడో పాట. నడుమ జర సేపు ఎవ్వలు ఊదరు. మర్శిపోయిండ్రనుకోకుండ్రి. గది నా కొడుకు నర్సింహ ఊదే జాగ. గప్పుడు సప్పట్లు కొట్టకుండ్రి. పాట ఇంక ఉంది."