తగ్గమన్న మాట

అక్కా,

అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉన్నది దేవుడి కోసమా, నాన్న మీద అలకతోనా? ఎన్నో ఏళ్లుగా నిన్నడగాలనుకుంటూనే ఉన్నాను. ముందు మీ సంగతి చెప్పు. నువ్వూ బావా కులాసాయేనా? నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

చండ్రుగొండ దాటి ఈ అడవి పక్క ఊరికి వచ్చాక పగలు నిప్పులు, తెల్లవారుజామున చలి. కిరాయి గది మంచిదే. ఇప్పపువ్వు రాలుతోంది, కిటికీ తెరిస్తే చాలు తీపి వాసన. సాయంత్రాలే గడవవు. నేను పాఠాలు చెప్పే కాలేజీ హాస్టల్లో ఆడపిల్లలతోనే తింటున్నాను. బాగానే తింటున్నాను.

ఫోన్లో నీకు సగమే చెప్పాను. పోయిన వారం హాస్టల్లో మామిడికాయ పప్పు చేశారు. ఇక్కడి కోయవాళ్లు ఊరంతా కలిసి కొత్తల పండుగ చేసి, దేవతకు పెట్టేదాకా ఆ ఏటి కాయ ముట్టరు. ఇంటర్ చదివే జోగమ్మ పప్పు వద్దని ఉత్త కారంతో అన్నం కలుపుకుంది. వార్డెన్ చూసింది.

"ఏందే, పప్పుల విషం పోసినమా?"

"మా ఊర్ల ఇంకా కొత్త చెయ్యలే మేడం. చేసినంక తింట."

"అబ్బో! ఇంట్ల గంజికి దిక్కులేదు గానీ ఈడ నియమాలు! తప్పయిందని చెప్పు. జర తగ్గు."

పిల్ల చెప్పలేదు. వార్డెన్ ఆ పిల్ల కంచం చేతికిచ్చి, అందరూ తినేదాకా నిలబెట్టింది. "అన్నం దగ్గర పిల్లను అవమానించకండి" అన్నాను, అంతే. ఇప్పుడు సోమవారం ప్రార్థనలో పిల్లలందరి ముందు నేను వార్డెన్‌కు క్షమాపణ చెప్పాలట. లేకపోతే వచ్చే ఏడు నా కాంట్రాక్టు ఉండదని ప్రిన్సిపాల్ నవ్వుతూనే చెప్పాడు. "జర తగ్గుర్రి మేడం, ఏం పోతది?"

ఫోన్లో నువ్వూ అదే మాట అన్నావు, తగ్గమని. మనింట్లో ఆ మాటను ఎంత ముద్దుగా వాడేవాళ్లో గుర్తుందా? అమ్మ కూరంతా మనకు వడ్డించి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే, తగ్గి ఉండే మనిషి అన్నారు. కూలీల ముందు నాన్న ఆమె చేత తప్పయిందనిపించిన రోజూ అదే అన్నారు. ఆమె పోయిననాడు పాడె పక్కన ఏడుస్తూ కూడా అదే. ఆమె వదులుకున్నదానికీ, ఆమె దగ్గర లాక్కున్నదానికీ ఒకటే మెప్పు.

జోగమ్మ ఊళ్లో అలా కాదు. అందరూ కలిసి మానతారు, పండుగనాడు అందరూ కలిసి తింటారు. అమ్మకు అలాంటి పండుగ ఒక్కటైనా వచ్చిందా అక్కా?

నిన్న ఆ పిల్ల నా గదికి వచ్చింది.

"చెప్పేయుర్రి మేడం. మీరు పోతే మాకెవరున్నరు?"

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"నేను చెప్తే మా దేవతకు తప్పు చేసినట్టయితది. మీకు గట్ల ఏం లేదు గదా!"

ఓదార్చడానికే అంది పాపం. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పైన బాగానే తింటున్నానని రాశాను కదా, అది నమ్మకు.

వీలైతే కొంచెం పండుమిరపకాయ పచ్చడి పంపు. అత్తమ్మకు నా దండాలు చెప్పు. నన్ను దీవించు, అణకువగా ఉండమని మాత్రం దీవించకు. సోమవారం క్షమాపణ చెప్తే అది పిల్లల కోసమో, జీతం పోతుందన్న భయమో నాకు తెలియదు. చెప్పకపోతే అది మర్యాద నిలుపుకోవడమో, ఉత్త మొండితనమో అదీ తెలియదు. ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు.

నీ చెల్లెలు,
సుజాత