కత్తెర పెట్టె లోపలే ఉండిపోయింది

అక్కా,

నేనూ లారీ ఇద్దరం బాగానే ఉన్నాం. నువ్వు సర్దిచ్చిన మందుల పెట్టెతో నిన్న పనిపడింది. టైరు మారుస్తుంటే రేకు తగిలి చెయ్యి కాస్త గీరుకుంది. పెట్టె చుట్టూ నువ్వు వేసిన ముడులతో ఏనుగునైనా కట్టెయ్యొచ్చు. తాడు కొయ్యడానికి కత్తెర కావాలి, అదేమో పెట్టె లోపల! చివరికి పళ్ళతో లాగి విప్పాను.

దూది, కట్టుగుడ్డ, అయోడిన్ అయిపోయాయి. టార్చిలో సెల్లులే లేవు. ఇటొచ్చే లారీవాళ్ళ చేతికిచ్చి పంపు. కత్తెర మాత్రం పైన కట్టు, నీకు పుణ్యముంటుంది.

బావ నడుంనొప్పి తగ్గిందా? వంటింటి కొళాయి ఇంకా కారుతూనే ఉందా? పిల్లల్ని అడిగానని చెప్పు.

అమ్మకి ఇక్కడిదాకా చదివి ఆపెయ్యి.

గీరుకోవడం కాదక్కా, కుడి చేతికి కుట్లు పడ్డాయి. ఈ కార్డంతా ఎడమ చేత్తోనే రాశాను.

నీ తమ్ముడు