అదే క్యారెట్

తమ్ముడికి,

అమ్మ క్షేమంగా నా దగ్గరికి చేరింది. ఇక నీ ఇంటికి రానంటోంది.

ఊరందరికీ కట్టుడు పళ్లు చేసిపెట్టేవాడివి. పచ్చివే తినాలన్న పిచ్చి పట్టి, పొయ్యిని అటకెక్కించి, అమ్మకి కొత్త పళ్లసెట్టు పెట్టి, చేతికి పచ్చి క్యారెట్ ఇచ్చావట. నెల తిరక్కుండానే చిగుళ్లు పుండ్లు పడితే, "పళ్లు బాగానే ఉన్నాయి, నువ్వే సరిగ్గా నమలట్లేదు" అన్నావట. ఏం తెలివిరా నీది.

నేను పచ్చివన్నీ మాన్పించలేదు. పొద్దున బొప్పాయి ముక్కలు, పండిన టమాటా ఇష్టంగానే తింటోంది. రాత్రికి అదే క్యారెట్ మెత్తగా ఉడికించి పెడుతున్నాను. ఇంతోటిదానికి నీ ఉపన్యాసాలు అక్కర్లేదు.

నీ పళ్లసెట్టు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. "ముందు వాడి పళ్లు పీకించుకుని, ఇవి పెట్టుకుని క్యారెట్ తినమను. తర్వాత వస్తా" అంది అమ్మ.

అక్క