చప్పట్లతో పోయిన ఓటు

అమ్మా,

ఇక్కడ కెనడాలో, ఈ ఏజాక్స్ ఊళ్ళోని మన చిన్న తెలుగు సంఘంలో అద్దె ఇళ్ళవాళ్ళ ఓటు తీసేశారు. తీసేసింది అధ్యక్షుడు వీరభద్రం మామయ్య, నీ సొంత తమ్ముడు. ముందు ఆ మాట రాస్తేగానీ నా చెయ్యి నమస్కారం దాకా కదల్లేదు. నీకు నమస్కారాలు. ఈ మంచులో ఎంత బాగుండగలమో అంత బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే మధ్యలో ఏడుస్తావని, కాగితం మీద రాసి ఫోటో పంపుతున్నాను.

చలికోటు కొన్నావా అని అడిగావు. కొన్నాను. ఇంకా ఆ ఓటు హక్కుల కరపత్రాలు చదువుతున్నావా అని అడిగావు. చదువుతున్నాను. మొన్న ఒకటి దొరికింది. అమెరికా ఏర్పడిన కొత్తల్లో న్యూజెర్సీ రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలకి ఆస్తి ఉన్న ఆడవాళ్ళు, నల్లవాళ్ళు కూడా ఓటేసేవారట. పెళ్ళైన ఆడవాళ్ళకు మాత్రం లేదు, వాళ్ళ ఆస్తి మొగుడిదే కదా. 1807లో ఆ సభే, దొంగ ఓట్లు పడుతున్నాయని సాకు చెప్పి, వాళ్ళందరి ఓటూ చట్టం చేసి తీసేసింది. ఇది చదివి వినిపిస్తే సరోజత్త పోపు వేస్తూ, "అంత పాతవి ఇప్పుడెందుకే ధరణీ, మీ మామయ్య వింటే మళ్ళీ గొడవ" అంది.

పాతవేం కాదు. దీపావళి సభలో పిల్లల డాన్స్ అయింది, అందరం చప్పట్లు కొడుతున్నాం. అవి ఆగకముందే మామయ్య మైకు అందుకుని, ఇకమీదట సొంతిల్లు ఉన్నవాళ్ళకే ఓటు, అదీ ఇంటికొకటే అని ఇంగ్లీషులో గబగబా చదివేశాడు. మా సంఘంలో తీర్మానాలకి చేతులెత్తరు, చప్పట్లే ఆమోదం. "థాంక్యూ, ఆమోదించారు, భోజనాలకి పదండి" అన్నాడు. సాయిచరణ్ కూడా కొట్టాడమ్మా. కాలేజీకని వచ్చి, గది దొరక్క సంఘం హాల్లో పడుకునే మన ఖమ్మం కుర్రాడు. ఈ ఆదివారం ఎన్నిక. మామయ్య వర్గం గెలిస్తే హాలు ఇక పెళ్ళిళ్ళకే, వాడికి పడుకునే చోటుండదు. ఇదేమన్నా సత్రమా అంటాడు. మా ఓట్లుంటే గెలిచేవాడు కాదు.

"ఇది మోసం మామయ్యా" అన్నాను, ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర.

"నువ్వూ కొట్టావుగా, వీడియోలో ఉన్నావ్. కరపత్రాలు చదివినంత శ్రద్ధగా మైకు కూడా వినాల్సింది" అని నవ్వాడు.

"మరి నా ఓటు?" అని అత్త మెల్లగా అడిగింది.

"ఇల్లు నా పేరు మీదుంది కదా సరోజా."

అత్త ఆయనకి చారు పోసింది.

మామయ్య మాట వింటున్నావా అని కూడా అడిగావు. ఆ జవాబే ఇంతసేపూ దాచాను. ఇన్నాళ్ళూ ఉన్న మామయ్య ఇంట్లోంచి మొన్న శుక్రవారం వచ్చేశాను. ఇద్దరమ్మాయిలతో కలిసి ఒక బేస్‌మెంట్లో ఉంటున్నాను. ఇందులో గెలుపేమీ లేదు. ఆదివారం హాలు దగ్గరికి రారా అంటే సాయిచరణ్, "షిఫ్ట్ ఉందక్కా. లేకున్నా, వస్తే ఏం మారుతది?" అన్నాడు. వాడి మీద అరిచాను.

ఎన్నికల డ్యూటీలో నువ్వు, టైమైపోయినా వరసలో ఉన్నవాళ్ళందరికీ చీటీలిచ్చి, చివరి మనిషి ఓటేసేదాకా మిషను మూయనిచ్చేదానివి కాదు. ఆదివారం ఉదయం పదకొండింటికి ఏజాక్స్‌లో హాలు గుమ్మం ముందు, ఓటు పోయినవాళ్ళమంతా అలాగే వరసలో నిలబడదాం అని అందరికీ మెసేజ్ పెట్టాను. చూశారు, ఒక్కరూ జవాబివ్వలేదు. నేను మాత్రం ఉంటాను.

నీకప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. సరిగ్గా ఆ వేళకి నీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. ఎత్తడు. అయినా మోగనీ. వరసలో నా వెనక నువ్వు నిలబడ్డావనుకుంటాను.

ఇట్లు,
నీ కోపిష్టి కూతురు
ధరణి