హెరిక్ దీవిలో వారం రోజుల విశ్రాంతి

ఆగస్టు 9, శనివారం
రోవెనా వచ్చింది. రెస్క్యూ బోటు ఇంజిన్ చచ్చిందట, కొత్తదాని కోసం చర్చి హాల్లో ఆక్షన్ పెడుతున్నారట. "వెస్ బాబాయ్, దీవిలో మీ కాటేజీ ఒక వారం ఇవ్వండి. పడవలో దిగబెట్టి తీసుకురావడం కూడా మీదే. జనం ఎగబడతారు" అంది.

ఇవ్వనన్నాను. ఆ బోటు నా కొడుకు టోబీ కోసం బయల్దేరలేదు. దానికి ఇంజిన్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

ఆగస్టు 12
బేకరీలో విన్నాను. ఆక్షన్‌లో ఊరికి దూరంగా ఉండే చోటేదైనా పెడితే మర్విన్ గేటెన్‌బీ పాట పాడతాడట. వాళ్ళావిడ జోన్‌కి ఎక్కడికైనా పోయి ప్రశాంతంగా ఉండాలని ఉందట.

సాయంత్రం రోవెనాకి ఫోన్ చేశాను. కాటేజీ ఇస్తానన్నాను. ఎందుకు మనసు మారిందని అడిగింది. ప్రభువు మార్చాడన్నాను. ఆయన పేరు అలా వాడుకున్నందుకు రాత్రి మోకరించాను కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆగస్టు 17, ఆదివారం
ఇక్కడైనా పూర్తిగా రాసుకోవాలి.

మూడేళ్ళ కింద, జూన్‌లో, టోబీ పడవ రీఫ్ రాళ్ళ మీద తిరగబడింది. పొద్దు ఇంకా ఉంది. రెస్క్యూ బోటుకి కెప్టెన్ మర్విన్. జెట్టీ మీద నిలబడి, సముద్రం వైపు చూసి, "ఇప్పుడు కాదు. తెల్లారాక వెళ్దాం" అన్నాడు. తెల్లారాక వెళ్ళారు. తెచ్చింది శవాన్ని.

మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. చుక్కాని పట్టేవాడు వద్దంటే ఒడ్డు మీదవాళ్ళు ఎందుకని అడగరు. అప్పుడే కాదు, ఎప్పటికీ. ఎవరూ అడగలేదు. నేను అడిగాను, అప్పట్లో చర్చిలో నేను ప్రసంగించే వేదిక మీదనుంచి, పేరు పెట్టి. సంఘ పెద్దలు ఆ వారమే నన్ను వేదిక దింపేశారు.

నేను బడిలో చదివింది తక్కువ. లేఖనాలన్నీ రొయ్యల పడవ కేబిన్‌లో నేర్చుకున్నవే. దావీదు కొడుకు అబ్షాలోము కోసం ఏడ్చి ఏడ్చి, వాణ్ణి చంపిన యోవాబు సంగతి చూడమని చివరికి ఇంకో కొడుక్కి అప్పగించి పోయాడు. నాకు అప్పగించడానికి కొడుకు లేడు.

నాకు కావాల్సింది ఒక్క మాట. "వెళ్ళాల్సింది" అని మర్విన్ ఊరందరి ముందు అనాలి. అంతే.

ఆగస్టు 23
ఆక్షన్ అయింది. పాట పాడించింది మాంసం కొట్టు బర్ట్. కాటేజీ వంతు రాగానే, "పక్షుల అరుపులు, ఉప్పు గాలి, ఫోన్ సిగ్నల్ లేదు. అత్తగారు మిమ్మల్ని పట్టుకోలేదు" అన్నాడు. హాలంతా నవ్వు. మర్విన్ చెయ్యి ఎత్తినవాడు దించలేదు.

తర్వాత నా దగ్గరికొచ్చాడు. "నీకు అభ్యంతరం లేదు కదా వెస్" అన్నాడు.

ఎందుకుంటుంది అన్నాను. ఉరికంబం ఎదురుచూస్తోందని తెలియక హామాను కూడా రాణి విందుకి ఇలాగే సంతోషంగా వెళ్ళాడు.

ఆగస్టు 24
మా ఆవిడ నెరిడా అడిగింది: "ఏం చేయబోతున్నావయ్యా?"
ఏమీ లేదన్నాను. నిజమే. ఏం చేయాలో నాకింకా తెలియదు. వాడు నా దీవిలో, నా పడవ మీద ఆధారపడి ఉంటాడు. ప్రస్తుతానికి అది చాలు.

సెప్టెంబరు 13
ఇద్దర్నీ దిగబెట్టాను. జోన్ దారంతా వాంతులే. "ప్రశాంతత అంటే ఇదా మర్వ్? ఇంట్లో బకెట్ పెట్టుకుని కూర్చున్నా సరిపోయేది" అంది. వాడు నవ్వి ఆమె వీపు నిమిరాడు.

నారింజరంగు టార్పాలిన్ చూపించాను. ఏదైనా కష్టం వస్తే దాన్ని ఊరివైపు గోడకి వేలాడదీయండి, జెట్టీ నుంచి కనిపిస్తుంది, వస్తాను అన్నాను.

సెప్టెంబరు 17, మధ్యాహ్నం 3
టార్పాలిన్ వేలాడుతోంది.

అదే రోజు, సాయంత్రం
జెట్టీ మీద పదిమంది చేరారు. నైరుతి గాలి, పొట్టి అలలు, నీళ్ళమీద తెల్లటి నురగ. చూడ్డానికి భయంగానే ఉంది. కానీ నలభై ఏళ్ళు ఆ నీళ్ళమీద తిరిగినవాణ్ణి. వెళ్ళగలను. రాగలను. చూసిన క్షణంలోనే తెలిసింది.

హెలికాప్టర్‌కి చెప్దామా అని రోవెనా. మబ్బు దీవిని కమ్మేసింది, హెలికాప్టర్ దిగడం కుదరదు అన్నాడు బర్ట్. రెస్క్యూ బోటు ఇంజిన్ విప్పేసి షెడ్డులో ఉంది. అందరూ నావైపు తిరిగారు.

"ఇప్పుడు కాదు. తెల్లారాక వెళ్దాం" అన్నాను.

మర్విన్ అన్న మాటలే, అక్షరం మార్చకుండా. నోట్లో తేనెలా ఉన్నాయి. ఒక్కరూ ఎందుకని అడగలేదు. బర్ట్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. నెరిడా మాత్రం సముద్రం వైపు కాదు, నా మొహంలోకి చూసింది.

అక్కడ వాడు గోడకి గుడ్డ కట్టి ఎదురుచూస్తున్నాడు. చూడనీ. ఎదురుచూడటమంటే ఏమిటో తెలుసుకోనీ.

సెప్టెంబరు 18
పొద్దున్నే వెళ్ళాను. బండల మీద జారి మర్విన్ కాలు మోకాలి కింద విరిగింది. నిన్న మధ్యాహ్నం నుంచి వంటింటి నేల మీదే పడి ఉన్నాడు. నొప్పికి తువ్వాలు కొరుక్కున్నాడని జోన్ చెప్పింది. అరిచి అరిచి ఆమె గొంతు పోయింది.

ఇప్పుడు ఆ మాట అంటాడనుకున్నాను. ఇప్పుడు తెలిసి ఉంటుంది, ఇప్పుడు అంటాడు.

నా చెయ్యి పట్టుకున్నాడు. "మంచి పని చేశావురా వెస్. ఆ గాలిలో వస్తావేమోనని హడలి చచ్చాను. నా మూలంగా ఇంకొకడు పోతే నేను బతకలేను" అన్నాడు.

పడవలోకి మోశాను. చాలా బరువు.

సెప్టెంబరు 20
బేకరీలో, పోస్టాఫీసులో, పెట్రోల్ బంకులో ఒకటే మాట. టోబీ వాళ్ళ నాన్నే ఆగాడంటే ఆగాల్సిన సముద్రమే అయి ఉంటుంది. శత్రువైనా సరే, బుద్ధిగా ఆలోచించాడు. అప్పుడు మర్విన్ చేసిందీ అదే కదా.

సెప్టెంబరు 28, ఆదివారం
మర్విన్ కర్రల మీద చర్చికి వచ్చాడు. ఒక మాట చెప్పుకోవాలని లేచాడు.

"మూడేళ్ళుగా ఆ జెట్టీ మీదే నిలబడి ఉన్నాను. వెళ్ళాల్సిందేమో, వెళ్ళాల్సిందేమో అని. ఆ మాట మీ అందరి ముందూ ఒప్పుకుందామనే, ధైర్యం కూడగట్టుకోడానికే దీవికి వెళ్ళాను. జోన్‌ని అడగండి. తర్వాత వెస్ కూడా ఆగాడు. నాకు జవాబు దొరికింది. కొన్నిసార్లు ఆగాల్సిందే. నా గుండెలమీద బండ తీసేశావయ్యా వెస్. నీకు రుణపడి ఉంటాను."

అందరూ ఆమెన్ అన్నారు. ఎవరో ఏడ్చారు. వచ్చే నెల నుంచి మళ్ళీ నన్నే ప్రసంగించమని పెద్దలు నా చెయ్యి పట్టుకుని అడిగారు.

నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే చాలు. నాకు భయం వేయలేదు, సముద్రం దాటగలిగేదే, పగతో ఆగాను అని. అప్పుడు వాడు ఒప్పుకుందామనుకున్న ఆ "వెళ్ళాల్సింది" అన్న మాట వాడికి తిరిగి వెళ్తుంది. కానీ ఆ ముక్క చెప్పాల్సిన నోరు నాది.

నీనెవె పట్టణం నాశనం కాలేదని అలిగి కూర్చున్న యోనాకి దేవుడు ఒక ప్రశ్నైనా వేశాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. చుక్కాని పట్టేవాణ్ణి ఇక్కడ అడగరు.

అక్టోబరు 6
నైరుతి గాలి. టార్పాలిన్ వేలాడిన పదిహేడున ఉన్నంత ఉంది, అంతకంటే కాస్త ఎక్కువే. ఒక్కణ్ణే పడవ వేసుకుని దీవికి వెళ్ళి, తిరిగి వచ్చాను. బట్టలు కూడా సరిగా తడవలేదు.