ఎలిజబెత్ వేషం

జనవరి 20, సోమవారం

వేషం వచ్చేసింది! నాకే! స్కూల్లో ప్రతి వార్షికోత్సవానికీ ప్రార్థన గీతం వెనక వరసలో నిలబడి పెదాలు మాత్రం కదిపిన హేమశ్రీకి, ఎమ్మే ఇంగ్లీషు ఇంకో మూడు నెలల్లో అయిపోతుందనగా ఒక వేషం వచ్చింది. తిరుపతి నుంచి వడమాలపేట దాకా బస్సులో నిలబడే వచ్చాను. సీటు ఉంది. కూర్చోబుద్ధి కాలేదు.

యూత్ ఫెస్టివల్ నాటకాల పోటీకి మా నవీన మేడమ్ సొంతంగా రాశారు. పేరు ‘ఐదుగురు’. 1888లో లండన్‌లో, వైట్‌చాపెల్ అనే పేదల పేటలో, ఒకడు వరసగా ఆడవాళ్ళను గొంతు కోసి చంపాడు. వాడెవడో ఇప్పటికీ తెలీదు. జాక్ ది రిప్పర్ అన్న పేరొక్కటి మిగిలింది. మేడమ్ నాటకంలో వాడు కనిపించడు. వాడి చేతిలో పోయిన ఐదుగురు ఆడవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి, ఆరేసి నిమిషాలు మాట్లాడి, కింద పడిపోతారు. నాది మూడో ఆమె, ఎలిజబెత్ స్ట్రైడ్. నిస్సీది నాలుగో ఆమె, కేట్. ఇద్దరూ ఒకే రాత్రి పోయారు, గంట కూడా తేడా లేదు. ఫస్ట్ ఇయర్ నుంచి ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా, ఇప్పుడు చావు కూడా కలిసే అని నిస్సీ క్యాంటీన్‌లో అందరికీ చెప్పుకుంటోంది.

జనవరి 21

అమ్మకు చెప్పాను. పెళ్ళి కావాల్సిన పిల్ల స్టేజీ మీద పీనుగ మాదిరి పడుకునేదేంది, వేరే వేషం ఏదన్నా ఉండాదేమో అడుగు, పోనీ ఆ సంపేవాడి వేషమన్నా ఇమ్మను అంది. నవ్వలేక చచ్చాను.

నాయన మాత్రం అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. నాయన పేరు ధనంజయ. ఏడాదంతా మామిడితోట, ఎండాకాలం వస్తే ద్రౌపది. మా పక్క ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. వీధినాటకాలు ఆడతారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేస్తారు. నేను పుట్టకముందు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళకు ద్రౌపది అంటే మా నాయనే. మా ఊళ్ళో మీసం లేని రైతు ఆయనొక్కడే. ఇంట్లోకి ఇంకొక ఆడవేషం వచ్చిందని ఆయనకు పట్టరాని సంతోషం. ఎంతమంది ముందర ఆడాలి, మైకు ఉండాదా, గొంతు చాలుతుందా అని ఒకటే ప్రశ్నలు. రెండోసారి అన్నం పెట్టించుకోవడం కూడా మరిచిపోయాడు.

జనవరి 25, శనివారం

కింద పడటం ప్రాక్టీసు. వరండాలో పరుపు వేసుకుని పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. మోచెయ్యి వాచింది.

నాయన చూసి చూసి, సచ్చేదానికి అంత కష్టం యాల పాపా, సచ్చేది ఎవురైనా సస్తారు, వచ్చేది నేర్చుకో అన్నాడు. వీధినాటకంలో వేషం ఊరికే వచ్చి నిలబడదు. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటారు. కింద కాళ్ళగజ్జెలు మాత్రం కనిపిస్తాయి. అప్పుడు హాస్యగాడు, అంటే మా ఓబయ్య మామ, ఎవురమ్మా నువ్వు, ఏ దేశం, ఏ ఊరు, ఎవురి బిడ్డవు అని అడుగుతాడు. అన్నిటికీ జవాబు చెప్తే గానీ దుప్పటి దించరు. ద్రౌపది అని ఊరందరికీ తెలిసినా సరే, అడగాల్సిందే, చెప్పాల్సిందే.

మాది మోడర్న్ నాటకం, దుప్పట్లు ఉండవు, లైట్లు ఉంటాయి అన్నాను. లైట్లు ఉంటే మంచిదే అన్నాడు.

జనవరి 29, బుధవారం

పోయింది. నా వేషం పోయింది.

పోటీ టైం ముప్ఫై నిమిషాల నుంచి ఇరవై ఐదుకు తగ్గించారట. ఒకరిని తీసేయక తప్పదు అన్నారు మేడమ్. ఎవరిని అని అందరం మొహాలు చూసుకున్నాం. ఎలిజబెత్‌నే తీసేద్దాం, ఎందుకంటే ఆమె విషయంలోనే పెద్ద అనుమానం ఉంది అన్నారు. మిగిలిన వాళ్ళకు కడుపు కూడా కోశాడట, ఎలిజబెత్‌కు గొంతొక్కటే. కాబట్టి ఆమెను చంపింది వాడు కాకపోవచ్చు, వేరెవడో కావచ్చు. కొందరు పరిశోధకులు ఆమెను లెక్కలోకి తీసుకోరట. నన్ను ప్రాంప్టింగ్ చూసుకోమన్నారు.

నూట ముప్ఫై ఏడేళ్ళ కిందటి అనుమానం ఎక్కడెక్కడో తిరిగి వచ్చి నా నెత్తిన పడింది. నిస్సీ టిఫిన్ డబ్బాలో ఉన్న రెండు వడలూ నాకే పెట్టింది. తిన్నాను.

జనవరి 30

కాలేజీకి పోలేదు. తలనొప్పి అని అమ్మతో అబద్ధం చెప్పాను.

జనవరి 31, శుక్రవారం

లైబ్రరీలో కూర్చున్నాను పొద్దున్నుంచి. అసలు ఐదుగురు అన్న లెక్కే గట్టిది కాదు! ఆ పేటలో 1888 నుంచి మూడేళ్ళలో హత్యకు గురైన పదకొండు మంది ఆడవాళ్ళను పోలీసులు ఒకే కేసు కింద కట్టారు. వాళ్ళలో ఐదుగురినే వాడు చంపింది అని ఒక పోలీసు పెద్ద ఏళ్ళ తర్వాత రాసిపెట్టాడు. ఆయన అభిప్రాయం అది. దాన్నే అందరూ పట్టుకున్నారు. ఆరు అనేవాళ్ళున్నారు, నాలుగు అనేవాళ్ళున్నారు. ఎమ్మా, మార్తా అని ఇంకా ఎవరెవరో గుమ్మం బయట నిలబడి ఉన్నారు.

నా ఎలిజబెత్ గురించి ఒక మంచి పాయింటు దొరికింది. ఆ రాత్రి గుర్రబ్బండి తోలుకుంటూ ఒకాయన ఆమె పడి ఉన్న ఆవరణలోకి వచ్చాడు. ఆయనే శవాన్ని చూసింది. అప్పటికి రక్తం ఇంకా కారుతోంది. అంటే బండి చప్పుడుకు వాడు పని సగంలో వదిలేసి పారిపోయి ఉంటాడు! అందుకే గొంతొక్కటే. కోపం తీరక పోయి కేట్‌ను చంపాడు. ఎంత బాగా అతుకుతోంది! సోమవారం మేడమ్ ముందు పెట్టేస్తాను.

ఫిబ్రవరి 3, సోమవారం

పెట్టాను. బోర్డు మీద బొమ్మ కూడా గీశాను. ఇక్కడ గేటు, ఇక్కడ బండి, ఇక్కడ ఎలిజబెత్. మేడమ్ అంతా విని, అయి ఉండచ్చు, కాకపోయి ఉండచ్చు, ఇది వాదన గానీ రుజువు కాదు కదా హేమా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వాడే చంపాడు మేడమ్, నన్ను నమ్మండి, వాడే అని అరిచాను. క్లాసంతా గొల్లుమంది. నిస్సీ కూడా నవ్వింది. బయటికి వచ్చాక, వాడి తరఫున ఇంత గట్టిగా మాట్లాడేవాళ్ళు లండన్‌లో కూడా ఉండరు అంది.

అప్పుడు నవ్వేశాను గానీ బస్సులో నవ్వు రాలేదు. ఈ నాలుగు రోజులూ నేను కోరుకుంటున్నదేమిటి? ఆమె గొంతు మీద పడిన కత్తి ఫలానావాడి కత్తే కావాలని. నా ఆరు నిమిషాల కోసం. వేరే ఎవడో దిక్కుమాలినవాడు చంపి ఉంటే ఆమె చావు చావు కాదా? పేరుమోసినవాడి చేతిలో పోతేనే లెక్కలోకి వస్తుందా? సిగ్గేసింది. వేషం మీద ఆశ మాత్రం అలాగే ఉంది. రెండూ ఉన్నాయి.

ఫిబ్రవరి 5, సాయంత్రం

తోటలోకి పోయాను. పూత ఈసారి విరగబూసింది. మంచు పడకపోతే చాలని నాయన రోజూ ఆకాశం చూస్తున్నాడు. చెట్టు కింద కూర్చుని అంతా చెప్పాను. గేటు, బండి, కత్తి, ఐదా నాలుగా అన్నీ.

ఎవరు చంపారన్న దాని జోలికే పోలేదు నాయన. సరే పాపా, ఆ యమ్మది ఏ ఊరు అన్నాడు. లండన్ అన్నాను. పుట్టిందీ ఆడేనా అన్నాడు. తెలీదు. వాళ్ళ నాయన ఏం చేస్తాడు అన్నాడు. తెలీదు. పదిహేను రోజులుగా ఆమె గొంతు మీద గాయం ఎంత పొడుగో కంఠతా పట్టినదాన్ని. ఎవరి బిడ్డో తెలీదు.

ఫోన్ తీశాను. తోటలో సిగ్నల్ మోటరు షెడ్డు దగ్గరే వస్తుంది. ఇద్దరం ఆడికి పోయి నిలబడ్డాం. ఎలిజబెత్ లండన్ మనిషి కాదు. స్వీడన్. టోర్ష్‌లాండా అని సముద్రం పక్క ఊరు. తండ్రి పేరు గుస్తాఫ్. రైతు.

నాయన మొహం చూడాలి! సేద్యగాళ్ళ బిడ్డా అన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో. ఇంకా చదవమన్నాడు. పదిహేడేళ్ళకు టౌనులో ఇళ్ళలో పనికి పోయింది. తర్వాత ఓడెక్కి లండన్. అక్కడ ఒక వడ్రంగిని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కలిసి కాఫీ అంగడి పెట్టుకున్నారు. కాఫీ అంగడా, అయితే మంచి మనిషే అన్నాడు నాయన. కాఫీ అంటే ప్రాణం ఆయనకు. తర్వాత అంగడి పోయింది, మొగుడు పోయాడు, చలికాలాలు గడవలేదు. అది విని నాయన మందు కొట్టే మిషన్ భుజానికి తగిలించుకుని పోయాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మేడమ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి హంతకుడి ఊసే ఎత్తలేదు. టోర్ష్‌లాండా, గుస్తాఫ్, కాఫీ అంగడి. అంతే చెప్పాను. మేడమ్ ఆ మాట కాదనలేకో, ఇంకో కారణం చేతో, మిగతావాళ్ళు కాస్త తొందరగా ముగించి చివర్లో టైం మిగిలితే రెండు నిమిషాలు నీవి అన్నారు. కొత్త డైలాగు రాసిస్తానన్నారు.

ఇంకో కారణం నిస్సీ కనిపెట్టింది. ‘ఐదుగురు’ అని ఫ్లెక్సీ ముందే కొట్టించేశారట. ఇన్నేళ్ళుగా పరిశోధకులు తేల్చలేనిది ఫ్లెక్సీ తేల్చింది.

ఫిబ్రవరి 11

డైలాగు వచ్చింది. నన్ను చంపింది ఎవరు, వాడా, ఇంకొకడా, ఈ చీకటికే తెలుసు అని మొదలు. బాగుంది. ఆమె కోటుకు ఎర్రగులాబి ఉండేదట. అమ్మ పెరట్లో రెండు మొగ్గలున్నాయి. అడిగితే కోస్తే చేతులు విరుస్తానంది.

ఫిబ్రవరి 13

నాయన వస్తాడట. మా కాలేజీకి మొదటిసారి. అమ్మ రాదు, కన్నకూతురు సచ్చేది టికెట్టు లేకున్నా సూడను అంది.

ఫిబ్రవరి 14, శుక్రవారం, సాయంత్రం 7

వరసగా రాయాలి.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి రెండు గులాబీలూ నా బ్యాగు మీద ఉన్నాయి. అమ్మ అటు తిరిగి దోసెలు పోస్తోంది.

రెండున్నరకు మా నంబరు పిలిచారు. హాలు కిక్కిరిసింది. నాయన తెల్లచొక్కా వేసుకుని మూడో వరసలో, కుర్చీ అంచున కూర్చున్నాడు. మొదటి ఇద్దరూ చక్కగా చేశారు. తర్వాత మా నిస్సీ. కేట్ తాగేసి ఫైరింజన్ మాదిరి కూత పెడుతూ నడిచే సీను. హాలు విరగబడి నవ్వింది. ఈలలు. నిస్సీకి ఈలలు వినపడితే ఇక ఆగుతుందా! స్క్రిప్టులో లేని కూతలు కూడా కూసింది. నేను వింగ్‌లో నిలబడి గోడ గడియారం చూస్తున్నాను. కోపం వచ్చింది, దాచుకోను. ఆ పిల్ల నా రెండు నిమిషాలు తినేస్తోంది. తర్వాత ఐదో ఆమె వేషం వేసిన పిల్ల వచ్చి తన ఆరు నిమిషాలూ పూర్తిగా వాడుకుంది. ఆమె కింద పడింది. నేను ఒక అడుగు వేశాను. గంట మోగింది. లైట్లు ఆర్పేశారు. రూలు అది.

చప్పట్లు. చీకట్లో స్టేజీ మధ్యలో నేను. గులాబి పెట్టుకుని. ఎవరికీ కనపడకుండా. మేడమ్ వింగ్‌లోంచి హేమా వచ్చేయ్, వచ్చేయ్ అంటున్నారు.

అప్పుడు హాల్లోంచి ఒక గొంతు లేచింది. మైకు అక్కర్లేని గొంతు. ఎవురమ్మా నువ్వూ, ఏ దేశం, ఏ ఊరు, ఎవురి బిడ్డవమ్మా అని.

నాయన. ఎన్ని ఎండాకాలాలు తెర వెనక నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పాడో లెక్కలేదు. అడగడం మాత్రం ఇదే మొదటిసారి.

కొందరు నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. అందరూ నా జవాబు కోసం చూస్తున్నట్టు తెలిసింది. మేడమ్ రాసిచ్చిన డైలాగు నోటి దాకా వచ్చింది. కానీ నన్నెవరు చంపారని అడగలేదు కదా ఆయన. అడిగినదానికి చెప్పాను. నా పేరు ఎలిజబెత్. స్వీడన్ దేశం. టోర్ష్‌లాండా. గుస్తాఫ్ అనే రైతు బిడ్డను. మా ఆయనా నేనూ కాఫీ అంగడి పెట్టుకున్నాం.

అంతే. కింద పడలేదు. నడిచి లోపలికి వచ్చేశాను.

నిస్సీ నన్ను పట్టుకుని ఏడ్చింది. కోపం ఎక్కడికి పోయిందో తెలీదు, నేనూ ఏడ్చాను. బయట నాయన, ఏమన్నా అంటారేమో పాపా, నోరు ఊరుకోలేదు అని బిక్కమొహం వేశాడు. బస్టాండులో ఇద్దరం కాఫీ తాగాం. రెండేసి. ఇంత హాయిగా ఎప్పుడూ లేదు నాకు.

గుమ్మంలోనే నిలబెట్టి అమ్మ ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. నేను సావనేలేదమ్మా అంటే వినదు.

ఫిబ్రవరి 17, సోమవారం

టైం దాటినందుకు మమ్మల్ని పోటీ లెక్కలోంచి తీసేశారు. ఐదుగురినీ. నిస్సీ చెప్తుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. క్యాంటీన్‌లో ఫస్ట్ ఇయర్ పిల్లలు నన్ను గుస్తాఫ్ బిడ్డ అని పిలుస్తున్నారు. నిస్సీకి అసూయ. పోయి తన కేట్ సంగతి వెతుక్కుని వచ్చింది. కేట్‌ది వుల్వర్‌హాంప్టన్ అట, నాయన రేకుల పనివాడట. మేడమ్ నన్ను పిలిచి మార్తా ఊరు తెలుసా, ఎమ్మా ఊరు తెలుసా అని అడిగారు. మార్చిలో మళ్ళీ వేద్దాం, పదకొండు మందితో అన్నారు. ఫ్లెక్సీ చివర్లో కొట్టిద్దాం అన్నాను.

ఫిబ్రవరి 18

పొద్దున బస్సుకు పరిగెత్తుతుంటే నాయన తోటలోంచి కేకేశాడు. ఆ గుస్తాఫ్‌కు సేను ఎన్నెకరాలు పాపా అని. తెలీదన్నాను. కనుక్కో అన్నాడు.